కాలువప్రయాణము నందలి యాలస్యము

ఆలస్యమును గూర్చి మనవారిలో రెండు మాటలు వాడుకలో నున్నవి. నిదానమే ప్రధానమని యొకటి. ఆలస్యమువలన నమృతము సైతము విషమగునని వేఱొకటి. ఒకే యింటి పెద్ద తాను బాకీ తీర్పవలసి వచ్చినపుడు మొదటిదానిని, తనకు రావలసిన బాకీని గూర్చి రెండవదానిని చెప్పుట మేము పలుమాఱు వినియున్నాము. ఈ రెంటిలో నేది నిజమని వాదించుటకంటె, ఆలస్య మనునది యొక్కటియేనా, లేక భిన్నజాతులవి పెక్కులు ఒక్క పేరుతో చలామణి యగుచున్నవా యని విచారించుట మేలు. గోదావరి మండలమువారి కిందులకు శాస్త్రగ్రంథములతో పనిలేదు. మన కాలువలే చాలును.

ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1847లో ఆరంభింపబడి 1852 నాటికి పూర్తియయ్యెను. సర్ ఆర్థర్ కాటను ఆ కాలువలను పొలములకు నీరు పాఱించుటకే కాక పడవలు నడచుటకును ఉద్దేశించెను. ఇనుపదారికంటె నీటిదారియే చౌక యని యాతడు పట్టుదలతో వాదించుచు వచ్చెను. ధవళేశ్వరమునుండి కాకినాడకును, విజ్జేశ్వరమునుండి ఏలూరునకును, అచ్చటినుండి బెజవాడకును పడవలు నడచెడివి. కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువమీదుగా బకింగుహాము కాలువలో ప్రవేశించి చెన్నపట్టణము చేరుట సాధ్యమై యుండెను. 1900లో రాజమహేంద్రవరముకడ గోదావరిపై రైలువంతెన తెఱచినపిదప దూరప్రయాణికులు పొగబండికి మరలిరి. గట్లు రోడ్లై బస్సులు వచ్చినమీదట చిన్నయూళ్ల పడవలును క్రమముగా నంతరించినవి.

ఆ పడవలలో నిన్ని గంటలకు చేరుదుమని నిశ్చయముగా చెప్పగలవా డుండెడివాడు కాడు. గాలి యనుకూలమైన తెరచాప, పడిపోయిన తాడు. నడుమునకు తాడు తగిలించుకొని గట్టువెంట నడచి పడవను లాగువారి యడుగులే యప్పుడు గడియారము. వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేసిరా, ప్రయాణమే లేదు. వీనియన్నిటికంటె విచారింపదగినది లాకు. ఎత్తున నున్న నీటినుండి పల్లమున నున్న నీటికి పడవను దింపుటకై రెండు జతల తలుపుల నడుమ నొక గదివంటిది కట్టుదురు. పడవ లోనికి రాగానే వెనుకతలుపులు మూయుదురు. తూముద్వారా నీరు మెల్లగా దిగును. నీటితోపాటు పడవయు దిగును. లోపలినీరు వెలుపలినీటితో సమమగువఱకు ముందుతలుపులు తెఱచుకొనవు. వానిపై నీటి యొత్తిడి యట్టిది. జమీందారుగారి పడవయైనను, ధాన్యపు పడవయైనను అంతవఱకు నిలువవలసినదే. తహశీలుదారు కోపించినను నీరు త్వరగా దిగదు. ఈ యాలస్యములో నెవరిని నిందింపగలము? ఇది పదార్థముల స్వభావమునందే యున్నది. దీనిని సహించుట బానిసత్వము కాదు, జ్ఞానము.

సహింపనివారి కేమగునో మనము చూడకపోలేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వఱదలో నుండగా పాపికొండలకు బయలుదేరిన విహారపు పడవ కచ్చులూరువద్ద మునిగి, అందున్న డెబ్బదిమందికి పైబడినవారిలో సగముకంటె నెక్కువమంది మరణించిరి. వఱద తగ్గువఱకు రేవున కూర్చుండిన నాలుగు దినములు వ్యర్థమని తలచువారు ఆ దినమును జ్ఞప్తి యందుంచుకొందురు గాక.

ఇక రెండవజాతి యాలస్యము. కొంతకాలము క్రిందట మేము నలుగురు మిత్రులము కోనసీమ రేవులలో నొకదానియందు పంటు ఎక్కి యుంటిమి. జనము నిండిరి, మోటారు సైకిళ్లు నిండెను, పోటు అనుకూలముగానే యుండెను. పంటు మాత్రము కదలలేదు. ఎవరో గొప్పవారి కారు వచ్చుచున్నదట. అరగంట గడచెను; గంట గడచెను. మా మిత్రులలో నొకరు మిక్కిలి రసికులు. వారు ఫ్రాన్సుదేశమున స్నేహితులతో పడవ కుదుర్చుకొని కాలువలపై విహరించి వచ్చినవారు. “అచ్చట లాకులవాడు మధ్యాహ్నము భోజనమునకు పోయిన, యాత్రికులు గట్టుమీద చెట్లనీడను కూర్చుండి తామును రొట్టె తినుచు కబుర్లాడుకొందురు. ఎవరును విసుగుకొనరు. ఈ నదిని చూడుడు, ఈ యెండను చూడుడు! మనవారికి ఆగుటలోని సుఖము తెలియదు” అనిరి.

మాట యందముగానే యున్నది. దక్షిణ ఫ్రాన్సులో 1681లో తెఱచిన మీదీ కాలువ యిట్టి విహారములకు నేడు ప్రసిద్ధము. రికే అను నతడు సరకుల రవాణాకై యుద్దేశించిన యా కాలువలో వర్తకపు పడవలు పోయి విహారపు పడవలు మిగిలినవి. కాని యచ్చటి యాత్రికుడు సెలవు తీసికొని, సొమ్ము చెల్లించి, ఆగుటకే వచ్చినవాడు. లాకులవాని భోజనవేళయు ముందుగనే యెల్లరకు తెలిసినది. అది వానికి న్యాయముగా చెల్లవలసినది. మా పంటుమీద మా ప్రక్కనున్న యొక ముసలమ్మ చేతిలో నాసుపత్రి కాగితముల సంచి యుండెను. ఆమె నదివంక చూచుట లేదు. “బాబూ, డాక్టరుగారు పన్నెండింటికి లేచిపోతారంట, ఇప్పుడు టైమెంతయింది?” అని పది నిమిషముల కొకమాఱు మమ్మడుగుచుండెను. రసికులైన మా మిత్రునకును ఆమెకును జరిగిన యాలస్యము గడియారమున నొక్కటియే. అయినను మిత్రుడు కోల్పోయినది తనకు మిగులుగా నున్న కాలము. ఆమె కోల్పోయినది తనకు లేని కాలము. తీరికగలవాని యోర్పును సుగుణమని పొగడి, తీరికలేనివానికి దానిని బోధించుట మాకు ధర్మముగా తోచదు. తాడు లాగువానికి కూలి ప్రయాణమునుబట్టి యిచ్చునెడ, లాకువద్ద గడచిన పూట యెవరి కడుపునుండి పోవునో గూటిలో పండుకొన్న ప్రయాణికుడు ఆలోచింపవలదా?

మా మిత్రుడు మఱియొక మాట యనిరి. “కోపగించిన మాత్రమున పంటు కదలునా?” కదలదు. కాని మేము అడుగగా మఱి పదిమందియు నడిగిరి, కారు రాకమునుపే పంటు కదలెను. లాకులోని నీటికి వినికిడి లేదు. పంటు నడుపువానికి కలదు.

సంఘవిషయములలో నీ రెండు జాతులను కలిపివేయుటయే పెద్దల కభ్యాసము. వితంతువుల వివాహము చట్టబద్ధమని 1856లోనే చట్టము వచ్చెను. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ నిరువదియైదేండ్లు. లోకము పక్వము కాలేదు, నీరింకను సమము కాలేదు, తొందరపడరాదని చెప్పినవారందఱు దుర్మార్గులు కారు. వారిలో పండితులును, దయాళువులును కలరు. కాని వారు చెప్పిన లాకుతలుపులకు నీటి యొత్తిడి యెంతయో, తామే లోపలినుండి పట్టుకొనిన బలమెంతయో వారు వేఱుచేసి చూచుకొనలేదు. చట్టము వచ్చిననాటికి పదియేండ్ల బాలవితంతువు, ఈ మొదటి వివాహమునాటికి ముప్పదియైదేండ్లది. ఆమె నిరీక్షణను ఓర్పని పిలుచుటకు మాకు నోరు రాదు.

2008లో కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల కాలువలు గోదావరీ కృష్ణలతో కూడ నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటింపబడినవి. కాలువలలో పడవలు మరల నడచుదినము వచ్చినచో ప్రతి లాకువద్దను, ప్రతి రేవునందును నొక నల్లబల్ల పెట్టింపవలెనని మా కోరిక. పడవ యాగియున్న యెడల ఎందుల కాగినదో, ఎవరికొఱ కాగినదో తెలుగున పెద్దయక్షరములతో దానిపై వ్రాయవలెను. చదువురానివారికి చదివి వినిపించుటకు పడవలో నెవరో యొకరుందురు.