కలివికోడి చోటు చెప్పవచ్చునా?

అరుదైనదానిని చూడవలెనను కోరిక మనుష్యునకు సహజము. ధనికునకు రత్నములును, పండితునకు తాళపత్రములును, భక్తునకు క్షేత్రములును ఆ కోరికకు విషయములగుచుండ, మరికొందరు పక్షులను వరించిరి. మెడకు దుర్భిణి తగిలించుకొని, ఎక్కడనో యొక దీవిలో పొదమాటున నిమేషమాత్రము కనబడి మాయమగు పిట్టకొరకు వేలకొలది మైళ్లు పయనించువారు నేడు అన్ని దేశములందును గలరు. ఇది పనిలేనివారి పని యని నవ్వువారు పెక్కండ్రు. మాకట్లు తోచదు. తినుటకు గాక, అమ్ముటకు గాక, పంజరమున పెట్టుటకు గాక, కేవలము చూచుటకై యొక ప్రాణిని వెదకుట నాగరకతలో నొక మెట్టని మా విశ్వాసము. కాని యీ వ్యసనములో నొక ధర్మసందేహము దాగియున్నది. అట్టి పక్షిని కనుగొన్నవాడు అది యున్న చోటును లోకమునకు చెప్పవలెనా, దాచవలెనా? మన యాంధ్రదేశమున నీ ప్రశ్న వట్టి వాదము కాదు; ఒక జాతి జీవన్మరణములు దీనిపై నాధారపడి యున్నవి.

కలివికోడిని గూర్చి చదువరులు వినియే యుందురు. కలివిపొదల నడుమ తిరుగు చిన్న పక్షి. రొమ్మున రెండు పట్టీలు. పగలు పొదల నీడను కదలక యుండి, చీకటి పడిన పిమ్మట నేలపై పరుగులిడి పురుగులను ఏరుకొని తినును. మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర దీనిని కనుగొనగా 1848లో శాస్త్రనామము కలిగెను. 1900లో అనంతపుర ప్రాంతమున కనబడిన పిమ్మట ఎనుబదియైదేండ్లు ఏ శాస్త్రజ్ఞుని కంటను పడలేదు. సాలిమ్ ఆలీ వంటివారు వెదకి విఫలులైరి. ఈ జాతి నశించినదనియే పెక్కురు నిశ్చయించుకొనిరి. 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పక్షమున వెదకుచున్న భరత్ భూషణ్ గారికి కడప జిల్లా రెడ్డిపల్లె చెంత ఇది మరల దొరకెను.

దొరకెనను మాటను సరిగా అర్థము చేసికొనవలెను. దానిని పట్టినవాడు ఐతన్న యను స్థానికుడు. లోకమునకు ఎనుబదియైదేండ్లు లేని పక్షి ఆ పల్లెలవారిలో కొందరికి ఏనాడును లేకపోలేదు. వారిని అడిగినవారు లేకపోయిరి, అంతియే. అదృశ్యత యనునది పక్షి లక్షణమా, మన చూపులోని లోపమా యని యిచ్చట ప్రశ్నింపక తప్పదు. మరియొక సంగతి. అట్లు పట్టుబడిన పక్షి బ్రదుకలేదు. ఉన్నదని నిరూపించుటకే ఉన్నవానిలో నొకటి తగ్గిపోయెను. మేమెవ్వరిని నిందించుట లేదు. చేతికి చిక్కిననే గాని నమ్మని లోకమునకు అంతకంటె వేరు సాక్ష్యము లేకుండెను.

తరువాతి పరిశోధకులు మేలైన దారి త్రొక్కిరి. పొదల నడుమ మెత్తని మన్నును పట్టీలుగా పరచి, తెల్లవారిన పిమ్మట దానిపై పడిన యడుగుజాడలను చదివిరి. దాని కూతను ముద్రించుకొని, మునిచీకటివేళ వినిపించి, బదులు పలుకునేమో యని చెవియొగ్గిరి. పక్షిని చూడకయే పక్షి యున్నదని తెలిసికొను విద్య యిది. మాకీ మట్టిపట్టీలపై నున్న గౌరవము ఎంత గొప్ప ఛాయాచిత్రముపైనను లేదు. కంటి తృప్తిని విడిచి జ్ఞానమును మాత్రము గ్రహించుట మన పెద్దలు చెప్పిన నిష్కామమునకు మిక్కిలి చేరువ. ఆమీద పదేండ్లకు మించి నిశ్చయమైన జాడ లేక మరల నిరాశ కలిగియుండగా, 2025 ఆగష్టులో కొందరు పక్షిప్రియులు కడపసీమలోనే దాని కూతను విని ముద్రించిరి.

ఈ వార్తను తరగతిలో చెప్పగా మా పిల్లలు వేసిన మొదటి ప్రశ్న "మాస్టారూ, సరిగ్గా ఎక్కడండీ?" అని. పక్షి యెట్లుండునని గాని, ఏమి తినునని గాని వారడుగలేదు. పెద్దలును అడుగునది యదియే.

భారతమున కర్ణపర్వమందు కౌశికుడను బ్రాహ్మణుని కథ గలదు. గాండీవమును నిందించినందుకు అన్నగారిపై కత్తి దూసిన యర్జునునకు శ్రీకృష్ణుడు చెప్పిన కథ యది. కౌశికుడు సత్యవ్రతుడు. దొంగలకు వెరచి కొందరు అతని యాశ్రమము చెంతనున్న వనమున దాగిరి. వారెటు పోయిరని దొంగలు వచ్చి యడుగగా, ఆ సత్యసంధుడు ఉన్నది యున్నట్లు చెప్పెను. దాగినవారు చంపబడిరి; కౌశికుడు నరకమునకు పోయెను. సత్యము పలుకుట యొకటి, దాగినవాని చోటు చూపుట వేరొకటి యని దీనివలన తేలుచున్నది. ప్రతి సత్యమును ప్రతివానికి చెల్లింపవలసిన ఋణము కాదు.

దొంగలు చంపుటకు వచ్చిరి, పక్షిప్రియులు ప్రేమతో వత్తురు, ఉపమానము పొసగదని యాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అమెరికాలో ఫీబీ స్నెట్సింగరు అను గృహిణి యుండెను. 1981లో రాచపుండు సోకినదనియు, ఎక్కువ కాలము బ్రదుకుట కష్టమనియు వైద్యులు చెప్పగా, ఆమె మంచముపై పడియుండక పక్షులను చూడ బయలుదేరెను. ఎనిమిదివేల జాతులను చూచిన మొదటి మనిషియై, 1999లో మడగాస్కరు ద్వీపమున ఆ యన్వేషణలోనే బండి బోల్తాపడి మరణించెను. ఆ ధైర్యమును మెచ్చనివారుండరు. కాని కుమార్తె పెండ్లికి సైతము ఆమె యింట లేదని చదివినపుడు మనసు చివుక్కుమనును. భూమిపై పక్షిజాతులు పదివేలకు మించినవి. పట్టిక నిండునది కాదు. పట్టికయందు ప్రతి పక్షియు నొక అంకె. అంకె పడిన మరుక్షణమున ఆ పక్షితో పని తీరిపోవును, మనసు తరువాతిదానిపైకి పరుగిడును. ఇది ప్రేమయని మేము ఒప్పుకొనలేము. లోభమునకు బంగారమే కావలెనని లేదు, కంటికిని లోభముండును.

కలివికోడి చోటు తెలిసెనేని ఏమగునో యూహింపుడు. వచ్చు ప్రతివాడును దాని కూతను చేతిఫోనులో వినిపించును. తన సీమలోనికి పరపక్షి చొరబడెనని భ్రమించి అది బదులు పలుకును, మేత మాని పరుగెత్తును. ప్రతివాడును తాను ఒక్కమారే వచ్చితి ననుకొనును. పక్షికి మాత్రము అందరును వచ్చినట్లే.

అట్లైన దాచవలసినదే యని తీర్పు చెప్పి యూరకుందమా? అదియు చెల్లదు. తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ చిట్టడవులమీదికి వచ్చినపుడు, ఇచ్చట నీ పక్షి యున్నదని ముందుగా ప్రకటించినవారు లేకున్నచో అడ్డు చెప్పుటకు ఆధారమేమి యుండెడిది? వివాదము సర్వోన్నత న్యాయస్థానపు సమితి వరకు పోయి కాలువ త్రోవ మారెననిన, అది చెప్పిన సత్యము వలననే గాని దాచిన సత్యము వలన గాదు. యంత్రము త్రవ్వువానికి పొద యనిన పొదయే. అందేమున్నదో చెప్పినవాడు లేనిచో అతనిని తప్పుపట్టలేము.

కలివికోడి మాట కడపసీమది. మా గోదావరిసీమలోనే యొక నిదర్శనము గలదు. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టుచుండెడివి. మలయాళ దేశీయుడును, ఆంగ్లోపన్యాసకుడును, పక్షిశాస్త్రవేత్తయునగు కె. కె. నీలకంఠన్ గారు 1946లో దీనిని గుర్తించి, 1949లో శాస్త్రపత్రికయందు వ్రాసిరి. ఆ వ్రాత నేటికిని విలువైనది. ఆ గూళ్లు మాత్రము కొన్ని దశాబ్దములలో లేకపోయెను. నేడు కొల్లేటియొడ్డున ఆటపాకయందు మనుష్యులు నిలిపిన యినుప మంచెలపై గూడబాతులు గూళ్లు పెట్టుచున్నవి. పండితలోకమునకు తెలియుట చాలదని యీ కథ చెప్పుచున్నది. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున స్థితి వేరు. అచ్చటి పక్షులు ఊరివారి పెరటిచెట్లపైననే కాపురముండును. అవి వచ్చుట శుభమని ఊరు నమ్మును. (అన్నియు సైబీరియానుండి వచ్చినవే యని కూడ నమ్మెదరు, గూడబాతు మన దేశపుదే. ఆ పొరపాటు పక్షికి హాని చేయలేదు గనుక మేము దిద్దుటకు తొందరపడము.)

కాబట్టి చెప్పవలెనా యనుట కంటె ముందుగా ఎవరికి చెప్పవలెననుట అసలు ప్రశ్న. మనము చేయుచున్నది తలక్రిందుల పని. దూరదేశమున నున్న తోటి పక్షిప్రియునకు చోటు చెప్పుదుము. పక్క పల్లెలోని గొఱ్ఱెలకాపరికి చెప్పము, అతనిని అనుమానించి చూతుము. కలివికోడికి కావలసినవి మరీ దట్టమును మరీ పలుచనయు గాని పొదలు. మితముగా మేపుటయు, వంటచెరకు కొట్టుకొనుటయు ఆ పొదలను అట్లుంచుటలో తోడ్పడునని పరిశోధకులే చెప్పిరి. అనగా ఆ కాపరి తెలియకయే ఆ పక్షి యింటిని కొంత కట్టినవాడు. ఇంటియజమానికి చెప్పక బాటసారికి తాళము చేతికిచ్చుట యే నీతి? పశువులనెల్ల తరిమివేసి అడవిని మూసివేసినచో పొదలు కమ్ముకొనును. అంతయు నరికివేసినచో నీడ పోవును. ఈ కొలత తెలిసినవాడు అచ్చట నివసించువాడే. అతనికి మొదట చెప్పవలెను. వేతనమిచ్చి కాపుంచుకొనిన మరియు మేలు. అధికారులకు రెండవ తెలుపుడు. పట్టిక పట్టుకొని వచ్చువానికి కడపటిది. అదియు ఊరివారు సరేయన్న పిమ్మట.

కోరంగి మడయడవుల దాపున, గోదావరి సముద్రమున గలియు ఇసుకతిన్నెలపై చలికాలమున నొక యపురూప పక్షి దిగును. దాని క్రిందిముక్కు పైముక్కు కంటె పొడవు. నీటిని కోయుచున్నట్లు ముక్కు ముంచి యెగురుచు చేపలను పట్టును. చంబల్, మహానది వంటి నదుల తిన్నెలపై గ్రుడ్లు పెట్టును. ఇప్పుడు లోకమున మిక్కిలి తక్కువగా మిగిలినది. పోటువేళ నీరు తిన్నెలను కమ్మగా మిగిలిన చారెడు ఇసుకపై గుంపంతయు చేరును. ఛాయాచిత్రములకు వచ్చువారికి అదియే మంచి తరుణము. పక్షులకు వేరు చోటు లేని తరుణమును అదియే. ఒకమారు మేము పోయిన పడవలోనే పెద్ద కెమెరా గల యొక పట్నవాసి, కూలికి పైగా మరికొంత యిచ్చెదను, ఇంకను దగ్గరకు పోనిమ్మని యడిగెను. పడవవాడు గడ నేలకు గ్రుచ్చి నిలిపి యిట్లనెను: "ఇంతకు మించి పోనండి బాబూ. లేచిపోతే మళ్లీ ఎక్కడ వాలతాయండి?"