రంగు కడపట వచ్చును

ధ్యానభాగము: 2 తిమోతి 2:20, 21



అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అను గ్రామము కలదు. అక్కడి లక్క బొమ్మలు మిక్కిలి పేరు పొందినవి. 2017లో వాటికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించెను. మన ఆడపిల్లలు ఆడుకొనిన లక్కపిడతలు అటువంటి పనియే. అక్కడి పనివాని చేతిలో ఒక చెక్క పళ్లెము సిద్ధమగు విధమును నేడు తలపోయుదము.

పనివాడు అంకుడు కఱ్ఱ తెచ్చును. అది టేకువలె గట్టిది కాదు, మెత్తనిది. కొట్టిన వెంటనే దానిని పనికి పెట్టడు. తడి ఆరువరకు ఎండనిచ్చును. పచ్చికఱ్ఱతో చేసినది తరువాత వంకరపోవును, పగులును. ఎండిన ముక్కను తరిమెనకు, అనగా లేతు యంత్రమునకు, బిగించును. పూర్వము దానిని చేతితో త్రిప్పెడివారు. ఇప్పుడు కరెంటు మోటారు త్రిప్పుచున్నది. తిరుగుచున్న కఱ్ఱకు ఉలి ఆనించగా చెక్కపొట్టు ఎగిరిపోవును. అంచు గుండ్రనగును, నడుమ లోతగును, గరుకు పోయి నునుపగును.

అప్పుడే రంగు. అది కుంచెతో పూయునది కాదు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు మొదలగువాటి రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుచున్న పళ్లెమునకు ఒత్తి పట్టును. ఆ రాపిడికి వేడి పుట్టును. వేడికి లక్క కరగి కఱ్ఱను అంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్దగా పళ్లెము తళతళ మెరయును.

చూచితిరా, రంగు కడపట వచ్చును. మనకైతే అది ముందే కావలెను. క్రిస్మసు వచ్చుచున్నదనగా గోడలకు సున్నము వేయుదుము, క్రొత్త బట్టలు కుట్టింతుము, కీర్తనలు నేర్చుకొందుము. ఇవి మంచివే. కాని పొలము గట్టు తగవులో అన్నతో మాట మానిన తమ్ముడు, అదే గుడిలో అన్నకు ముఖము చాటుచేసి కూర్చుండి, ప్రభువు బల్లలో పాలు పొందుచున్నాడు. గరుకు పోకుండ వేసిన రంగు ఎన్నాళ్లు నిలుచును? బోధించు మేమును ఈ తప్పులో ఉన్నాము. సంఘము మెరయుట చూచి సంతోషించితిమి గాని, అట్టివారి గడపలు త్రొక్కుటకు జంకితిమి.

గొప్ప యింటిలో బంగారు వెండి పాత్రలేగాక చెక్కవియు మంటివియు ఉండునని పౌలు తిమోతికి వ్రాసెను. చెక్క పాత్రయని ఎవరును నిరాశపడ నక్కరలేదు. తన్ను శుద్ధిపరచుకొనినవాడు యజమానునికి పనికివచ్చును. అయితే కఱ్ఱకును మనకును ఒక భేదము కలదు. కఱ్ఱ ఉలిని కాదనలేదు, మనము కాదనగలము. అందుచేతనే మన సమ్మతిని దేవుడు కోరుచున్నాడు.

అర్పణ తెచ్చినవాడు దానిని బలిపీఠము నొద్దనే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు కొండమీద బోధించెను. కాబట్టి ఈ నెల బల్లయొద్దకు రాకముందే ఆ గట్టు దాటి పోవుదము. మొదటి మాట పలుకుట కష్టమే. ఉలి తగులు మొదటి క్షణమున కఱ్ఱయు అదరును. అయినను వెనుకకు తీయకుందము. మన గరుకును ఆయన చేతికి అప్పగింతము. మెరుగు ఆయనయే పెట్టును. ఆమేన్.