ఒకే మడికి మూడు మడవలు

మదురై దగ్గరి మేలూరు పొలాలకు పెరియార్ నది నీళ్లే ప్రాణం. పడమటికి పారే ఏటికి 1895లో ఆనకట్ట కట్టి, కొండలో సొరంగం తొలిచి ఆ నీళ్లను ఇటు మళ్లించారు. అంత దూరం నుంచి వచ్చే నీళ్లు కాబట్టి ఎవరి వంతు వాళ్లదే.

ఆ ఊళ్లో ఒక తెలుగు రైతు ఉండేవాడు. అతని మనవరాలు ఇంట్లో తెలుగు మాట్లాడేది, బడిలో తమిళం చదివేది. ఒక శనివారం తాత ఆమె చేతికి పార ఇచ్చి, "మన వంతు రెండు గంటలే తల్లీ. మూడు మళ్లూ తడవాలి" అని చెప్పి వేరే పనికి వెళ్లాడు.

పిల్లకు తొందరెక్కువ. నీళ్లు సన్నగా పారుతున్నాయని పై మడికే రెండో మడవ తీసింది, పక్కనే మూడోదీ తీసింది. మడి నిండింది, గట్టు పొర్లింది, మిగిలిన నీళ్లు డొంకలోకి పోయాయి. ఇంతలో వంతు అయిపోయింది. కింది రెండు మళ్లలో కాలి బొటనవేలు దూరేంత నెర్రెలు అలాగే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

తాత కోప్పడలేదు. "మడవలు మూడు తీశావు గానీ, తాగింది ఒక్క మడే కదమ్మా!" అన్నాడు.

తాత మాట మనసులో తిరుగుతుంటే ఆ రాత్రి పిల్ల తన చరిత్ర పరీక్ష పేపరు తీసింది. 'మదురైని ఏలిన తిరుమల నాయకుడి పాలనలోని విశేషాలు మూడు రాయండి' అన్నది ప్రశ్న. మహల్ కట్టించాడని ఒక పేజీ, పుదుమండపం కట్టించాడని ఒక పేజీ, తెప్పకుళం కోనేరు తవ్వించాడని ఒక పేజీ రాసింది. పదికి నాలుగే మార్కులు వచ్చాయి. పక్కన టీచరు 'మూడూ ఒకటే' అని రాశారు. మొన్న ఆ మాటకు ఏడ్చింది. మహల్ కోసం మట్టి తీసిన గుంతే తెప్పకుళమైందని మదురైలో చెప్పుకునే మాట ఇప్పుడు గుర్తొచ్చింది. తను రాసిన రెండు పాయింట్లు ఒకే గుంతలో ఉన్నాయి!

కొత్త కాగితం తీసుకుని ముందు మూడు మాటలే రాసుకుంది: రాజధాని, కట్టడాలు, ఉత్సవాలు. తిరుచిరాపల్లి నుంచి రాజధానిని మదురైకి మార్చడం మొదటిది. మహల్, మండపం, తెప్పకుళం మూడూ రెండోదాని కింద ఉదాహరణలుగా ఒదిగాయి. మీనాక్షి కల్యాణాన్నీ, తమ మేలూరు పక్కనే ఉన్న అళగర్ కోయిల్ స్వామి ఊరేగింపునూ ఒకే చిత్తిరై పండుగగా కలిపాడన్నది మూడోది. ఈసారి మూడు మళ్లూ తడిశాయి.

నీతి: జవాబు మొదలుపెట్టే ముందు ఒక్కో పాయింటుకు ఒక్క మాటలో పేరు పెట్టండి. రెండింటికి ఒకే పేరు వస్తే అవి రెండు కావు, ఒకటే. వాటిని కలిపేసి, ఖాళీ అయిన చోట కొత్త పాయింటు వెతకండి. పరీక్ష గంటలు కాలువ వంతు లాంటివి, పొర్లిపోయిన నీళ్లు వెనక్కి రావు.