హిమగిరిపై విశ్వాసము – వివేకము

శ్రీవైష్ణవులు కీర్తించు నూటయెనిమిది దివ్యదేశములలో బదరికాశ్రమ మొకటి. అలకనందా తీరమున సుమారు 3,100 మీటర్ల ఎత్తున నున్న ఈ క్షేత్రమున శీతకాలమున ఆలయద్వారములు మూయబడును. ఆ మాసములలో నారదమహర్షియే స్వామిని ఆరాధించునని సంప్రదాయము. అర్చకులు దిగువకు తరలివత్తురు.

భగవంతుడే రక్షకుడని నమ్మినవాడు ప్రమాదమును ముందుగా లెక్కించుకొనుట విశ్వాసలోపము కాదా యని కొందరు సందేహింతురు.

మంచు స్వభావమును గమనించినచో సమాధానము దొరకును. కొండవాలుపై మంచు పొరలు పొరలుగా పేరుకొనును. అడుగున నేల వెచ్చదనము, పైన తీవ్రశీతలము ఉన్నపుడు క్రిందిపొర పంచదార పలుకులవలె విడివడి పట్టు కోల్పోవును. దానిపై క్రొత్తమంచు, గాలి తెచ్చిన మంచు పలకవలె బిగియును. ముప్పది మొదలు నలుబదియైదు డిగ్రీల వాలులలో ఒక్క మనుజుని బరువునకే ఆ పలక విరిగి జారవచ్చును. అందుచే తెలిసినవారు గొయ్యి త్రవ్వి పొరలను పరీక్షింతురు. అడుగు వేయగనే లోపల ధ్వని పుట్టినచో వెనుదిరుగుదురు.

నిన్న దాటినవాడు క్షేమముగా వచ్చెను గదా యనుట ప్రమాణము కాదు. వాలు జారకుండుట దాటినవాని వివేకమునకు సాక్ష్యము కానేరదు. ఫలము మంచిదైనంత మాత్రమున కర్మ మంచిదని చెప్పరాదు.

2025 ఫిబ్రవరి 28న బదరీనాథమునకు చేరువనున్న మాణా వద్ద రహదారి కార్మికుల శిబిరముపై మంచుచరియలు విరిగిపడెను. చిక్కుకొనిన 54 మందిలో 46 మంది రక్షింపబడిరి. ఎనిమిదిమంది అసువులు బాసిరి. వారు సాహసము కోరి వెళ్ళినవారు కారు, పొట్టకూటికై పనిచేయువారు. వారిని వెదకుటకు మంచులో దిగినవారును తమ ప్రాణములను పణముగా నొడ్డినవారే. కనుక ఇచట జాగ్రత్త ఒక్కని సొంతవిషయము కాదు. పైన నొకడు తొందరపడి వేసిన అడుగు క్రింద నున్నవారికి మృత్యువు కావచ్చును.

ప్రపన్నుడు మోక్షమునకు స్వప్రయత్నమును ఉపాయముగా తలంపడు. అంతమాత్రమున స్వామి యొసగిన బుద్ధిని విడువవలెనని అర్థము కాదు. శరణాగతికి అంగములైన వానిలో మహావిశ్వాసముతోబాటు ప్రాతికూల్యవర్జనమును గలదు. పరప్రాణములకు చేటు తెచ్చుట స్వామికి ప్రతికూలమే. తెలిసి తెలిసి అపాయమున దుమికి, రక్షింపుమని పిలుచుట స్వామిని పరీక్షించుటయే గాని నమ్ముట కాదు.

వాలు పాదమున నిలిచి, చేతులు జోడించి వెనుదిరిగినవాని యాత్ర నిష్ఫలము కాదు. ఆ వెనుకడుగును కైంకర్యమే.