న్యాయాధిపతి వాకిట వితంతువు
(లూకా 18:1-8)



ప్రార్థన గురించి చెప్పమంటే మనకు వెంటనే గుర్తుకు వచ్చే ఉపమానాలలో ఇది ఒకటి. ఒక పట్టణంలో ఒక న్యాయాధిపతి. అతనికి దేవుడంటే భయం లేదు, మనుష్యులంటే లెక్క లేదు. అదే పట్టణంలో ఒక వితంతువు. ఎవరో ఆమెకు అన్యాయం చేశారు. తనకు న్యాయం తీర్చమని ఆమె ఆ న్యాయాధిపతి దగ్గరకు పదే పదే వెళ్ళింది. చాలాకాలం అతడు పట్టించుకోలేదు. చివరికి ఆమె పోరు పడలేక తీర్పు చెప్పాడు. విసుగు చెందక ఎల్లప్పుడూ ప్రార్థించాలని నేర్పడానికి ప్రభువు ఈ కథ చెప్పారని లూకా గారు మొదటనే వ్రాశారు.

ఈ ఉపమానం మీద మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. కాని ఒక సంగతి చాలాకాలం నా కంట పడలేదు. ప్రార్థనకు మాదిరిగా ప్రభువు ఎవరిని చూపించారు? గుడిలో మోకరించిన స్త్రీని కాదు, న్యాయాధిపతి వాకిట నిలబడిన స్త్రీని. ఆమె అడిగింది భిక్ష కాదు, తనకు రావలసిన న్యాయం. మనమేమో ఆ ఇద్దరినీ వేరు చేశాము. జపమాల పట్టుకుని గుడిలో కూర్చున్న వితంతువును చూసి భక్తురాలు అంటాము. అదే వితంతువు అర్జీ పట్టుకుని ఆఫీసు ముందు కూర్చుంటే, మనకెందుకు ఆ రాజకీయాలు అంటాము.

ఇతరుల సంగతి ఎందుకు? నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేనొక విచారణలో ఉండగా ఒక ముసలమ్మ గురునివాసానికి వచ్చింది. భర్త పోయి రెండేళ్ళయింది. పింఛను కోసం తిరిగి తిరిగి కాళ్ళరిగాయి. ఒకసారి వెళ్తే కాగితం చాలదన్నారట, ఇంకోసారి వెళ్తే రేపు రమ్మన్నారట. "ఫాదరుగారూ, ఒక్కసారి నాతో వచ్చి నిలబడండయ్యా" అంది. ఆ రోజు నాకు వేరే పని ఉంది. జేబులోంచి రెండు వందలు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె తీసుకుంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "డబ్బు కోసం రాలేదు ఫాదరుగారూ" అంది. ఆ మాటలో కోపం లేదు. నాకు తెలియాలని చెప్పింది, అంతే.

తర్వాత కేరళ తీరపు మత్స్యకారుల చరిత్ర చదువుతున్నప్పుడు ఆ మాట నాకు మళ్ళీ వినిపించింది. మన కుటుంబాలు తెలుసుకోవలసిన చరిత్ర అది. అందులో నిలబడినవారిలో చాలామంది మనలాగే ఆదివారం దివ్యపూజకు వెళ్ళే కతోలికులు.

1950లలో నార్వే దేశం సహకారంతో కొల్లం దగ్గర నీండకర ప్రాంతంలో ఒక పథకం మొదలయింది. పేద మత్స్యకారులకు యంత్రాల పడవలిచ్చి వారిని బాగు చేయాలన్నదే దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని త్వరలోనే విదేశాలలో రొయ్యకు మంచి ధర పలికింది. ధర పలికిన చోటికి డబ్బు వస్తుంది. ఏనాడూ వల పట్టనివారు కూడా ట్రాలర్లు కొన్నారు. ట్రాలరు వల సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ పోతుంది. అమ్మకానికి పనికివచ్చే చేపతో పాటు పనికిరాని పిల్ల చేపనూ లాగేస్తుంది. వానాకాలంలో చాలా రకాల చేపలు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లోనూ ట్రాలర్లు ఆగలేదు. 1970లు వచ్చేసరికి తెప్పల మీద, నాటు పడవల మీద వెళ్ళేవారికి వలలో చేప తగ్గింది. ఒడ్డున పొయ్యి వెలగని ఇళ్ళు పెరిగాయి. సముద్రం మీద పడవకూ పడవకూ మధ్య కొట్లాటలు జరిగాయి.

అప్పుడు ఆ జనం ఏం చేశారు? కూడుకున్నారు. 1978లో వివిధ రాష్ట్రాల తీరాలవారు కలిసి ఒక జాతీయ వేదిక ఏర్పరచుకున్నారు. వారి అర్జీ చాలా చిన్నది. వానాకాలంలో ట్రాలర్లను ఆపండి, ఒడ్డుకు దగ్గరి నీళ్ళను చిన్న పడవలకు వదలండి. కేరళలో 1980లో చట్టం వచ్చింది, కాని చట్టం కాగితం మీదే ఉండిపోయింది. వారు మళ్ళీ వెళ్ళారు. ప్రభుత్వం కమిటీ వేసింది. మళ్ళీ వెళ్ళారు. ఇంకో కమిటీ వేసింది. 1984లో ఆందోళన పెద్దదయింది. ధర్నాలు జరిగాయి, జనం జైళ్ళకు వెళ్ళారు, మఠకన్యలు కూడా నిరాహార దీక్షకు కూర్చున్నారు. చివరికి 1988లో వానాకాలపు ట్రాలింగు నిషేధం అక్కడ మొదటిసారి అమలులోకి వచ్చింది. చట్టం వచ్చిన నాటి నుండి లెక్కిస్తే ఎనిమిదేళ్ళు! న్యాయాధిపతి వాకిట వితంతువు ఎన్నాళ్ళు నిలబడిందో సువిశేషం చెప్పలేదు. వీరు ఎన్నాళ్ళు నిలబడ్డారో మనకు తెలుసు.

ఇందులో స్త్రీల పాలు మరువరానిది. తిరువనంతపురం ప్రాంతంలో చేపల గంప నెత్తిన పెట్టుకుని మైళ్ళకొద్దీ నడిచి అమ్ముకునే తల్లులు ఉండేవారు. నీచు వాసన అని వారిని బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. ఆ తల్లులు సంఘంగా ఏర్పడి అడిగారు. 1980ల మొదట్లో ప్రభుత్వం వారికోసం ప్రత్యేకంగా బస్సులు నడిపింది. బస్సులో చోటు చిన్న విషయమే అనిపిస్తుంది. కాని వాసన పేరుతో దించివేయబడిన మనిషికి అది గౌరవం తిరిగి రావడం. ప్రతి మనిషీ దేవుని పోలికలో సృష్టించబడ్డాడని మనం నేర్పేది నిజమైతే, ఆ బస్సు సీటు కూడా వేదపాఠమే.

వీరి మధ్య జీవించినవారిలో ఫాదర్ థామస్ కోచెరి గారు ఒకరు. రిడెంప్టరిస్టు సభ గురువు, న్యాయశాస్త్రం చదివినవారు. ఆయన మత్స్యకార గ్రామానికి వెళ్ళి వారి మధ్యనే కాపురముండి, ఆ జాతీయ వేదికకు చాలా ఏళ్ళు నాయకత్వం వహించారు. 1989లో నీటిని కాపాడండి, ప్రాణాన్ని కాపాడండి అంటూ రెండు తీరాల వెంట యాత్రలు సాగి, మే 1న కన్యాకుమారిలో కలిశాయి. అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. అయినా వారు చేతులు ముడుచుకోలేదు. 1991 తరువాత విదేశీ ఓడలకు మన లోతు సముద్రంలో వేటకు లైసెన్సులిస్తే, 1994లో దేశమంతటి మత్స్యకారులు సమ్మె చేశారు. కోచెరి గారు నిరాహార దీక్షలు చేశారు. ఆ లైసెన్సులు రద్దు చేయాలని 1996లో మురారి కమిటీ సిఫారసు చేసింది. 1999లో ఆయనకు సోఫీ బహుమతి లభించింది. ఇచ్చిన దేశం ఏదనుకున్నారు? నార్వే. ఆయన 2014లో ప్రభువు సన్నిధికి చేరారు.

ఇదంతా చదివి, అది కేరళ సంగతి అనుకోవద్దు. మన తూర్పు తీరంలో కూడా ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రాల పడవలకు వేట నిషేధం. విశాఖ రేవులో ఆ రోజుల్లో పడవలు వరుసగా కట్టి ఉండటం మీలో చాలామంది చూశారు. సముద్రానికి కూడా విశ్రాంతి కావాలన్న ఆలోచన ఇవాళ మనకు మామూలు మాట అయింది. ఒకప్పుడు దానికోసం అడిగినవారిని అభివృద్ధికి అడ్డుపడేవారన్నారు. భూమికి ఏడవ ఏట విశ్రాంతి ఇవ్వమని లేవీయకాండము ఏనాడో చెప్పింది. ఆ మాటను నీటి మీదకు తెచ్చినవారు చదువుకున్న పండితులు కారు, ఆకలిగొన్న జాలరులు.

ఇక్కడ ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి, లేకపోతే ఇది కథగా మిగిలిపోతుంది. ట్రాలర్ల మీద కూలికి వెళ్ళినవారూ పేదలే. వారిలోనూ కతోలికులున్నారు. నిషేధం వస్తే వారి పూట ఏమిటి? గురువులు, మఠకన్యలు వీధిలోకి రావడం తగునా అని శ్రీసభ లోపలనే వాదన జరిగింది. ఒకే సత్ప్రసాదాన్ని పంచుకునేవారు రెండు పక్షాలయ్యారు. న్యాయం కోసం నిలబడితే అందరూ మెచ్చుకుంటారని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. అందుకే ఇటువంటి పనిలో ద్వేషానికి తావివ్వకూడదు. ఎదుటి పక్షాన నిలబడిన కూలివాడి ఇంటి పొయ్యి గురించి కూడా ఆలోచించాలి. వేట లేని రోజులకు జీవనభృతి కావాలని మత్స్యకారులు అడిగింది అందుకే.

ఇంకొక మాట. అడిగినవారు తాము కూడా పాటించాలి. చిన్న పడవలకూ మోటార్లు వచ్చాయి, వలలు పెద్దవయ్యాయి. సన్న కన్ను వలలు వాడి పిల్ల చేపను పట్టడం చిన్న పడవవాడు చేసినా తప్పే. నిన్న అన్యాయానికి గురైనవాడు నేడు తన వంతు అన్యాయం చేయకూడదు. ఆమోసు ప్రవక్త పొరుగు దేశాలను గద్దించి ఆగలేదు, తన సొంత జనాన్నీ గద్దించాడు.

ఇది మతంలో కలిపిన రాజకీయం కాదు. జగద్గురువు 13వ లియో గారు 1891లోనే కూలివారి హక్కుల గురించి విశ్వలేఖ వ్రాశారు. 1971లో రోములో కూడిన పీఠాధిపతుల మహాసభ, న్యాయం కోసం పాటుపడటం సువార్త ప్రకటనలో విడదీయరాని భాగమని స్పష్టం చేసింది. 2015లో జగద్గురువు ఫ్రాన్సిస్ గారు తమ విశ్వలేఖలో పేదవాని మొరనూ భూమి మొరనూ కలిపి వినమని కోరారు. కేరళ తీరంలో ఆ రెండు మొరలూ ఒకే గొంతు నుండి వచ్చాయి. చేప తగ్గితే సముద్రం ఏడ్చింది, జాలరి ఏడ్చాడు.

ప్రియ విశ్వాసులారా, మన విచారణలో దానధర్మాలకు కొదువ లేదు. పండుగకు చీరలిస్తాము, చలికి దుప్పట్లిస్తాము. అవి ఆపమని నేను చెప్పను. ఆకలి న్యాయం వచ్చేదాకా ఆగదు కదా! కాని చీర ఇచ్చి పంపేటప్పుడు ఒక ప్రశ్న వేయండి. ఈమెకు రావలసినది ఏదైనా ఎక్కడైనా ఆగిపోయి ఉందా? కూలి ఆగిందా? పింఛను ఆగిందా? పొలానికి నీళ్ళు ఆగాయా? ఊరి చెరువులో ఎవరైనా విషపు నీళ్ళు వదులుతున్నారా? అడిగి తెలుసుకోండి. చదువు వచ్చిన మన పిల్లలు అర్జీ వ్రాసిపెట్టవచ్చు. మరియదళం సోదరీమణులు ఇళ్ళు సందర్శించేటప్పుడు జపంతో పాటు ఈ సంగతులూ వినవచ్చు. గ్రామసభ జరిగే రోజున నలుగురం కలిసి వెళ్ళి కూర్చోవచ్చు. మనం వారి తరపున మాట్లాడవలసిన పని లేదు, వారు మాట్లాడతారు. మనం పక్కన నిలబడితే చాలు.

ఆ ముసలమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి వారం నేనే ఆమె ఇంటికి వెళ్ళి, ఆమెతో కలిసి ఆఫీసుకు వెళ్ళాను. ఆ రోజు పని కాలేదు. రెండవసారీ కాలేదు. మూడవసారి వాడలోని మరో నలుగురు స్త్రీలు మాతో వచ్చారు. వారి కాగితాలూ అక్కడే ఆగాయట! ఆ బల్ల మీద మేమంతా వరసగా కూర్చున్నప్పుడు ఆమె చీర కొంగు చాటున జపమాల తిప్పుతూ ఉండటం చూశాను. ఆమె దృష్టిలో ఆ రెండు పనులూ ఒకటే. ఉపమానం నాకు ఆ బల్ల మీద అర్థమయింది.

ఉపమానం చివర ప్రభువు ఒక ప్రశ్న వేశారు. తాను మరల వచ్చునప్పుడు భూమి మీద విశ్వాసం కనబడుతుందా అని. ఆయన వెతికేది గుడిలో మాత్రమే అనుకోకండి. న్యాయాధిపతి వాకిట కూడా చూస్తారు. అక్కడ ఆ వితంతువు ఒంటరిగా నిలబడి ఉందా, లేక ఆమె పక్కన మనం ఉన్నామా?

విసుగు చెందక అడిగే మనస్సును, అడిగేవారి పక్కన నిలబడే ధైర్యాన్ని ప్రభువు మన కుటుంబాలకు దయచేయును గాక. ఆమెన్.