బిడ్డలకు విశ్వాసము నేర్పుట

విగ్రహారాధనమును విడిచిన గృహములందు బిడ్డలను గూర్చి యొక ప్రశ్న తఱచుగా వినవచ్చుచుండును. నిరాకారుడైన పరమేశ్వరుని పసివాని కెట్లు తెలుపవలెను? పూర్వాచారపరులు, కంటికి గానరాని దానిని బాలుడు నమ్మజాలడు గావున ప్రతిమ యావశ్యకమే యందురు. నవీనులలో గొందఱు, మతము స్వేచ్ఛావిషయము గావున బిడ్డ పెద్దవాడగువఱకు నేమియు బోధింపరాదందురు. మొదటివారు బాలుని బుద్ధిని తక్కువగా నెంచుచున్నారు. రెండవవారు మౌనము సైత మొక బోధయే యని మఱచుచున్నారు. ఈశ్వరుని మాట యెన్నడును వినబడని యింట బెరిగిన బిడ్డ, ఈశ్వరుడు లెక్కింపదగినవాడు కాడని తనంతట తానే నిశ్చయించుకొనును. పూజగదిని కొట్టుగదిగా మార్చి, ఆ స్థానమున మఱేమియు నిలుపని గృహస్థుడు మూఢాచారముతోపాటు భక్తిని గూడ నింటినుండి వెడలగొట్టినవాడగును.

ఈ రెండింటికిని భిన్నమైన మార్గ మొకటి కలదు. అది క్రొత్తది కాదు. ఛాందోగ్యోపనిషత్తు నాఱవ యధ్యాయమున నుద్దాలకుడను తండ్రి తన కుమారుడైన శ్వేతకేతునకు బోధించిన విధమును జూడుడు. శ్వేతకేతువు 12వ యేట గురుకులమునకు బోయి, వేదములన్నియు జదివి, 24వ యేట గర్వముతో నింటికి వచ్చెను. తండ్రి వానిచే నొక మఱ్ఱిపండు దెప్పించి చీల్పించెను. అందలి గింజను బగులగొట్టించి, లోపల నేమి కనబడుచున్నదని యడిగెను. ఏమియు గనబడలేదని కుమారుడు చెప్పెను. కంటికి గానరాని యా సూక్ష్మమునుండియే యంతటి మహావృక్షము నిలిచియున్నదని తండ్రి తెలిపెను. శ్రద్ధ వహింపుమన్న మాటను నప్పుడే పలికెను. మఱియొకమాఱు రాత్రివేళ నీటిలో నుప్పు వేయించి, ఉదయమున దానిని దెమ్మనెను. ఉప్పు చేతికి జిక్కలేదు. పైని, నడుమను, అడుగునను గల నీటిని రుచిచూడగా నంతటను నుప్పదనమే యుండెను.

ఇందు మేము ముఖ్యముగా గమనింపగోరునది బోధలోని క్రమము. పరీక్ష ముందు, శ్రద్ధ పిదప. నేను తండ్రిని గావున నమ్ముమని యుద్దాలకుడు చెప్పలేదు. కుమారుని చేతికిని నాలుకకును బని కల్పించెను. అయినను ఉప్పు దృష్టాంతమే గాని ప్రమాణము గాదు. నీటిని మఱగించి యింకించినచో నుప్పు మరల గనబడునే, దేవు డట్లు కనబడునా యని చుఱుకైన బిడ్డ యడుగవచ్చును. ఆ ప్రశ్నకు దండ్రి కోపింపరాదు, సంతసింపవలెను. దృష్టాంతమునకు హద్దు గలదని యొప్పుకొని, ఆ పరమసత్యమును బరీక్షించు పాత్ర మన నడవడియే యని చెప్పవలెను. తెలియనిచోట దెలియదనుట గూడ భక్తిలో భాగమే.

శ్రద్ధ గలుగుటకు మఱియొక సాధనము నమ్మకము. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు 1873వ సంవత్సరమున దన 11 ఏండ్ల కుమారుడైన రవీంద్రనాథుని హిమాలయయాత్రకు వెంటగొనిపోయెను. విలువగల తన బంగారు గడియారమునకు గీ యిచ్చు పనిని బాలున కప్పగించెను. బాలుడు మితిమీఱి త్రిప్పుటచే నది చెడి కలకత్తాకు మరమ్మతునకు బోవలసివచ్చెను. దారిలో భిక్షుకులకు దానము చేయు పనియు, అందుకైన సొమ్మునకు లెక్కయు వానికే యొప్పగించెను. రాత్రులందు నిర్మలాకాశమున నక్షత్రములను జూపి ఖగోళశాస్త్రమును దెలిపెను. రవీంద్రనాథుడు పెద్దవాడైన పిమ్మట నీ సంగతులను దన జీవనస్మృతియందు వ్రాసినాడు. తన్ను నమ్మిన తండ్రిని జూచి బాలుడు నమ్ముట నేర్చును. అనుక్షణము సందేహింపబడు బిడ్డకు విశ్వాసమన నేమో యేరీతి దెలియగలదు?

కావున గృహస్థులకు మా మనవి యిది. ఒక రాత్రి చెంబెడు నీటిలో నుప్పుగల్లు వేయుడు. ఉదయమున దల్లిదండ్రులును గొడుకులును గూతులును గలసి కూర్చుండి, ఒకరి తరువాత నొకరు రుచిచూడుడు. అర్థమును ముందుగా జెప్పకుడు. బిడ్డలు చెప్పినదానిని వినుడు. అయితే యీ పాఠ మచ్చటితో ముగియదు. సర్వత్ర వ్యాపించిన యొక సత్యమును నీటిలో జూపిన చేతితోనే పనిమనిషి బిడ్డకు వేఱుగా నుంచిన గ్లాసులో నీరిచ్చితిమేని, మన బిడ్డ యుప్పునీటిని మఱచి గ్లాసును జ్ఞాపకముంచుకొనును. నీటిలో నంతటను గలదన్న సత్యము మనుష్యులలో గొందఱియందు లేదని యా గ్లాసు బోధించును. నోటితో జెప్పిన పాఠముకంటె నట్టి పాఠమే బలమైనది. వంద ప్రార్థనసభలును దానిని మాన్పజాలవు.

కాబట్టి యుప్పుగల్లును వెదకుటకు ముందు వంటయింటి యలమారను వెదకుడు. వేఱుగా నుంచిన గ్లాసు కనబడినచో దానిని దీసి తక్కినవానితో గలిపివేయుడు. ఆ పనిని మీ బిడ్డచేతనే చేయింపుడు. పనిమనిషి బిడ్డను బిలిచి పంక్తిలో గూర్చుండబెట్టి, ఆ చెంబులోని నీటిని వానికిని రుచిచూపుడు. అట్టి యింట విశ్వాసమన నేమో బిడ్డకు వేఱుగా బోధింపవలసిన పని యంతగా నుండదు.