ఒడ్డు కనబడని ఈత

2024 డిసెంబరు చివరలో గోలి శ్యామలగారు మన విశాఖ రామకృష్ణా బీచిలో సముద్రంలోకి దిగారు. 2025 జనవరి మొదట్లో కాకినాడ తీరం చేరారు. దూరం 150 కిలోమీటర్లు, ఆమె వయసు 52 ఏళ్లు. సామర్లకోటకు చెందిన ఈమె నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు 13 గంటల 43 నిమిషాలు ఈదారు.

ఇంత శక్తి ఎక్కడిది? కండబలమే కారణమైతే పాతికేళ్ల యువకులందరూ ఈదగలగాలి కదా! గమ్యం తలపులో అన్నిటికన్నా ముందు పుడుతుంది, ఆచరణలో అన్నిటికన్నా చివర దక్కుతుంది అని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్ని నింపేది ఓర్పు. ధైర్యమనే సుగుణంలో ఎదిరించడం కన్నా ఓర్చుకొని నిలబడడమే గొప్పదని కూడా ఆయనే చెప్పారు.

అయితే నడిసముద్రంలో కాకినాడ కనబడదు. మిగిలిన దూరమంతా ఒక్కసారే తలచుకుంటే చేతులు సడలిపోతాయి. అందుకే ఆమె రోజుకు దాదాపు 30 కిలోమీటర్ల చొప్పున ఈదారు. దూరపు గమ్యం దిక్కు చూపుతుంది, దగ్గరి గమ్యం చేయి ఆడిస్తుంది. మనిషికి రెండూ కావాలి.

మరొక సంగతి గమనించండి. ఆ నీళ్లలో ఆమె ఓడించవలసినవారు ఎవరూ లేరు. ఇతరులను మించాలన్న కోరిక కొంతదూరం పరుగెత్తిస్తుంది. వెనుకబడ్డామని తెలిసిన క్షణాన అదే కాళ్లు విరిచేస్తుంది.

ఇక మన ఇళ్ల సంగతి చూద్దాం. రేవులోనో ఉక్కు కర్మాగారంలోనో షిఫ్టులు చేసి, అప్పు తెచ్చి పిల్లలను కోచింగుకు పంపే తల్లిదండ్రులు మన విచారణల్లో ఎందరో ఉన్నారు. వారి ప్రేమను శంకించలేం. కాని ఆ ర్యాంకు ఎవరి గమ్యం? బిడ్డదా, మనదా, పక్కింటివారిని చూసి తెచ్చుకున్నదా? అరువు గమ్యం ఎవరో ఒకరు చూస్తున్నంతసేపే పనిచేస్తుంది.

అలాగని పిల్లలను వారి మానాన వదిలేయమని కాదు. సముద్రంలో ఈదేవారి వెంట పడవ వెళుతుంది. దారి చూపుతుంది, దాహానికి అందిస్తుంది. ఈదేది మాత్రం ఈతగాడే. అతడు సొమ్మసిల్లితే పడవ అతడిని పైకి తీసుకుంటుంది. అది ఓటమి కాదు. ప్రాణం నిలిస్తే మరోనాడు మళ్లీ ఈదవచ్చు. మన బిడ్డ అలసి చేయి చాచిన రోజున, మార్కుల మాట ఎత్తకుండా ఆ చేయి అందుకోగలమా?